జేసీబీ బొమ్మ బోర్డుతో బుల్లి సబ్‌మెరైన్, పిల్లలకి చేసివ్వొచ్చా? ఫుల్ రివ్యూ

అందరికీ నమస్కారం అండి, శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు రివ్యూ కొన్న వస్తువు మీద కాదు, ఇంట్లో చేసింది. ఇదిగో, అరచేతిలో పట్టేసింది చూడండి, రిమోట్ సబ్‌మెరైన్. మా మేనకోడలు కోసం చేసాను, రెండో క్లాసు, వైజాగ్ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఎక్కొచ్చిన కాడ్నుంచి మావయ్యా నాకోటి కావాలి అని ఒకటే పోరు. కురుసుర 91 మీటర్లు, మనది జానెడు కూడా లేదు, కానీ అది 2001లోనే రిటైరై ఒడ్డునుంది, మనది ఇంకా సర్వీసులో ఉంది, అదన్నమాట.

ముందు బాడీ. 100 ఎంఎల్ ప్లాస్టిక్ డబ్బా, వెడల్పు మూతి, తిప్పి బిగించే మూత. లోపల కనపడే డబ్బాయే తీసుకోండి, ఎందుకంటే నీళ్ళు చుక్క దూరినా మీకు వెంటనే తెలియాలి. ఇప్పుడు బరువు లెక్క. ఒక ఎంఎల్ నీళ్ళంటే ఒక గ్రాము, కదా. గిన్నె అంచుల దాకా నింపి కింద పళ్ళెం పెట్టి, ఖాళీ డబ్బా మూత బిగించి వేలితో పూర్తిగా ముంచండి, పళ్ళెంలోకి ఎన్ని నీళ్ళు పొర్లాయో తూకం వెయ్యండి, మన సబ్‌మెరైన్ మొత్తం బరువు దానికి దగ్గరగా రావాలి. ఈ డబ్బాకి 120 గ్రాముల దగ్గర్లో వచ్చింది, పేరుకి 100 ఎంఎలే గానీ ప్లాస్టిక్ మందం, మూత కలిపితే బయటి కొలత ఎక్కువుంటాది.

ఆ 120కి నేను మూణ్ణాలుగు గ్రాములు తక్కువే ఉంచాను, అసలు కిటుకు ఇక్కడే ఉంది. పెద్ద సబ్‌మెరైన్ ఏం చేస్తాది, ట్యాంకుల్లోకి నీళ్ళు తీసుకుని బరువెక్కి ములుగుద్ది, మళ్ళీ గాలితో ఆ నీళ్ళు బయటికి తోసేసి పైకొస్తాది. నెట్లో చాలామంది అదే పద్ధతి సిరంజీ పెట్టి చేస్తారు, చూడ్డానికి సూపర్‌గా ఉంటాది, నేనూ ఒప్పుకుంటాను, కానీ చిన్నపిల్లలకిచ్చే దానికి మాత్రం వద్దండి, సిరంజీ నీళ్ళు పీల్చుకున్నాక బ్యాటరీ అయిపోయిందనుకోండి అది అడుగునే కూర్చుంటాది, ఇంక దాని కోసం పిల్ల నీళ్ళలోకి వంగుద్ది. మనది ఎప్పుడూ తేలేదే, మధ్యలో ఒక నిలువు మోటారు నొక్కిపట్టి కిందికి దింపుతాది, బటన్ వదిలితే చాలు, సిగ్నల్ పోతే చాలు, దానంతటదే పైకొచ్చేస్తాది.

బరువు కోసం కొందరు వలకి కట్టే సీసం గుళ్ళు వేస్తారు, మన తీరంలో ఎక్కడైనా దొరుకుతాయి, కానీ సీసం పిల్లల చేతికి మంచిది కాదు, ఇనప నట్లు వేసుకోండి, అడుగున అంటించండి, బరువు కిందుంటేనే బోర్లా పడదు. బ్యాటరీ కూడా అంతే, ఎలాగూ బరువు కావాలి కాబట్టి లిథియం మానేసి మూడు ఏఏఏ రీఛార్జబుల్ సెల్స్ పెట్టాను, ఒక్కోటి 1.2 వోల్టులు, మొత్తం 3.6, రిమోట్ సిగ్నల్ అందుకుని మోటార్లు తిప్పే ఈ బోర్డుకి సరిపోతాది. తడిస్తే లిథియంతో వచ్చే భయం ఇందులో లేదు. బటన్ సెల్ అయితే అస్సలొద్దు, పిల్లలు మింగితే ప్రాణం మీదకొస్తాది.

బోర్డు ఎక్కడిదంటే, చెయిన్ల మీద నడిచే జేసీబీ బొమ్మ, ఆరు బటన్ల రిమోట్. ఎడమ చెయిన్‌కి ఒక మోటారు, కుడి చెయిన్‌కి ఒకటి, తొండానికి ఒకటి. మనకి కావాల్సింది కూడా సరిగ్గా అదే, వెనకాల రెండు, మధ్యలో నిలువుగా ఒకటి. కొనేటప్పుడు మాత్రం డబ్బా మీద 27 మెగాహెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి, రిమోట్‌కి లాగే పొడుగు ఏంటెన్నా ఉంటే దాదాపు అదే. ఇప్పుడొచ్చేవి ఎక్కువ 2.4 గిగాహెర్ట్జ్, గాల్లో బ్రహ్మాండంగా పనిచేస్తాయి, నీళ్ళలో మాత్రం కొద్ది లోతుకే చచ్చిపోతాయి, మైక్రోవేవ్ ఓవెన్ నడిచేదీ ఇంచుమించు ఆ ఫ్రీక్వెన్సీ మీదేనండి, నీళ్ళు ఆ తరంగాల్ని మింగేస్తాయి, అందుకే అందులో కూర వేడెక్కుద్ది. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ లోతుకెళ్తాది. నేవీ వాళ్ళు ములిగున్న సబ్‌మెరైన్‌కి మెసేజ్ పంపాలంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ దాకా దిగిపోతారు, తిరునెల్వేలి దగ్గర ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అనే నేవీ రేడియో స్టేషన్ ఉన్నది ఆ పనికే. బోర్డు నుంచొచ్చే ఏంటెన్నా వైరు కత్తిరించకండి, డబ్బా లోపల గోడ చుట్టూ తిప్పి అంటించెయ్యండి.

ఇంక కళింగపట్నం తీసుకెళ్ళి సముద్రంలో వేద్దాం అంటారా, ఉప్పునీళ్ళలో 27 మెగాహెర్ట్జ్ కూడా ఐదు సెంటీమీటర్లకే మూడో వంతుకి పడిపోతాది. మంచినీళ్ళే. చెరువులొద్దు, గుర్రపుడెక్క వేర్లు ఫ్యాన్‌కి చుట్టుకుంటాయి, పైగా పిల్లల్ని గట్టు మీద వదల్లేం. మా పెరట్లో సిమెంటు గోళెం ఉంది, అదే మా బంగాళాఖాతం. గోళెం అయినా పక్కన పెద్దవాళ్ళుండాల్సిందే.

మోటార్ల విషయంలో నా మాట వినండి. బొమ్మ డ్రోన్ మోటార్లు, రెక్కలు, రెక్కల చివర్లు కత్తిరించి వాడాను. మోటారు లోపల పెట్టి షాఫ్ట్ కోసం కన్నం పెట్టి గ్రీజు కూరే బదులు మోటార్లే బయట నీళ్ళలో పెట్టేసాను, డబ్బాకి వైర్ల కన్నాలు మాత్రమే, వాటిని ఎంసీల్‌తో మూసేసాను. హాట్ గ్లూ అయితే తడికి వలిచినట్టు ఊడొచ్చేస్తాది. మోటార్లు తుప్పు పడతాయి, పట్టనివ్వండి, అవి మార్చుకోవచ్చు, లోపలికి నీళ్ళొస్తే బోర్డే పోద్ది.

సరే, నడక ఎలగుంది? ఇదిగో వదుల్తున్నా. మూత అంచు మాత్రం పైకి కనిపిస్తోంది చూసారా. ఇప్పుడు నిలువు మోటారు... దిగింది. దిగుతూ దిగుతూ మెల్లగా బొంగరంలా తిరుగుతోంది, గమనించండి, నిలువుగా ఒకటే ఫ్యాన్ ఉంది కాబట్టి బాడీ ఎదురు తిరుగుద్ది, కాస్త ఎడమ కుడి బటన్లతో సర్దుకోవాలి. వెనకాల రెండింటికీ ఆ బాధ లేదు, డ్రోన్ రెక్కల్లో కుడి తిరిగేవీ ఎడమ తిరిగేవీ రెండూ వస్తాయి, చెరొకటి పెట్టాను. ఓలమ్మో, గోడకి గుద్దింది, పర్లేదు. స్పీడ్ పెద్దగా లేదు, ఒకే లోతులో ఆపడం కూడా కుదరదు, బటన్ నొక్కుతూ వదుల్తూ ఉండాలి, దానికి మార్కులు కట్. పదికి ఏడిస్తాను. కొన్న చిన్న సబ్‌మెరైన్లు ఇంతకంటే నున్నగా తిరుగుతాయి, కానీ చాలావాటికి బాడీ సీలు చేసేసుంటాది, సెల్ చచ్చిపోతే బొమ్మ చెత్తబుట్టకే, ఇది మూత తిప్పి సెల్స్ మార్చుకుంటాం.

ఆడటం అయ్యాక ఇది మర్చిపోకండి, మోటార్లు విదిలించి కాసేపు గాల్లో తిప్పి ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె వెయ్యండి, బోరు నీళ్ళయితే ముందు మంచినీళ్ళతో కడగండి. సెల్స్ బయటికి తీసే ఛార్జింగ్ పెట్టండి, మూత తెరిచే ఆరబెట్టండి. లైటు పెట్టమని అడుగుతున్నారు, పెట్టొచ్చు, ఎల్ఈడీ బరువు ఎంతొచ్చిందో అంత నట్లు తీసెయ్యండి, లేకపోతే ఆ మూణ్ణాలుగు గ్రాముల తేడా పోయి అడుక్కెళ్ళిపోద్ది. ఉంటానండి.