ఇరవై నాలుగేళ్ళకే ఆర్కెస్ట్రాకి పెద్ద

శ్రోతలందరికీ నమస్కారం.

దాదాపు వందేళ్ళ చరిత్ర ఉన్న ఆర్కెస్ట్రాని, అంటే పాశ్చాత్య సంగీతం వాయించే పెద్ద వాద్యబృందాన్ని, ఇరవై రెండేళ్ళ కుర్రాడి చేతుల్లో పెడతారా ఎవరైనా? నార్వే రాజధాని ఓస్లోలో పెట్టారు. 2018లో మొదటిసారి వాళ్ళ ముందు నిలబడి చెయ్యి ఎత్తాడు, కొన్ని నెలలు తిరక్కుండానే మాకు ముఖ్య కండక్టర్‌గా, అంటే ముందు నిలబడి బృందాన్ని నడిపించేవాడిగా, నువ్వే కావాలన్నారు. 2020లో బాధ్యత తీసుకునేనాటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు. పేరు క్లౌస్ మ్యాకెలా. పుట్టింది ఫిన్లాండ్‌లో, హెల్సింకీలో, 1996 జనవరిలో. తండ్రి సెల్లో, అంటే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం, వాయిస్తారు, తల్లి పియానో.

ఈ వృత్తిలో ఇరవై నాలుగంటే పాలబుగ్గల వయసే. స్వీడన్ దేశస్థులకు పుట్టిన హెర్బర్ట్ బ్లూమ్‌స్టెట్ అనే పెద్దాయన ఉన్నారు, 1927లో పుట్టారు, తొంభై దాటాక కూడా కచేరీలు నడిపారు. అరవై వచ్చాకే కండక్టర్ పండుతాడని అనుకునే లోకం అది. అలాంటి చోట ఈ కుర్రాడికి అంత తొందరగా ఎలా కుదిరింది?

ముందు ఆ పనేమిటో ఒక్క మాటలో చెప్పేస్తాను. వేదిక మీద ఎనభై తొంభై మంది ఉంటే, శబ్దం చెయ్యని మనిషి కండక్టర్ ఒక్కడే. మన కచేరీలో గాయకుడు తొడ మీద తాళం వేసుకుంటాడు కదా, అక్కడ దెబ్బ ఎక్కడ పడితే తాళం అక్కడే. కండక్టర్ చెయ్యి అలా కాదు, సంగీతం కన్నా కాస్త ముందుంటుంది. చెయ్యి పైకి లేచే తీరులోనే రాబోయే స్వరం ఎంత గట్టిగా ఉండాలి, ఎంత మెత్తగా మొదలవ్వాలి, ఏ వేగంలో నడవాలి, అన్నీ ఎదుటివాళ్ళకి అందిపోవాలి. చెయ్యి కిందికి వచ్చాక చెప్పడానికి ఇంకేం మిగలదు.

మరి ఇది నేర్పేదెలా? వయొలిన్ అయితే ఇంట్లో కూర్చుని సాధన చేసుకోవచ్చు. ఆర్కెస్ట్రాని ఇంటికి తెచ్చుకోలేం కదా. ఫిన్లాండ్ వాళ్ళు ఇక్కడే తెలివిగా ఆలోచించారు. హెల్సింకీలో సంగీతం నేర్పే సిబేలియస్ అకాడమీలో యోర్మా పానులా అని ఒక గురువు, 1930లో పుట్టినాయన, విద్యార్థుల ముందు నిజం వాయిద్యగాళ్ళనే కూర్చోబెట్టారు. నువ్వు వెళ్ళి నిలబడు, నడిపించు. వీడియో తీస్తారు. తర్వాత అందరూ కలిసి ఆ వీడియో చూస్తారు. గురువు మాట్లాడేది బహు తక్కువ. తెర మీద నీ చెయ్యి నీకే కనిపిస్తుంటే, ఆ చెయ్యి అనవసరంగా గాల్లో ఎగురుతున్నదని ఇంకొకరు చెప్పాలా? ఎసా పెక్కా సలోనెన్, సకారి ఒరమో, ఓస్మో వాన్‌స్కా, అందరూ ఆయన శిష్యులే. యాభై ఐదు లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశం నుంచి ప్రపంచానికి ఇంతమంది కండక్టర్లు ఎలా వచ్చారంటే, నాకు తోచే మొదటి కారణం ఈ తరగతే.

మ్యాకెలా ఆ తరగతిలో అడుగుపెట్టింది పన్నెండేళ్ళప్పుడు. అంతకుముందు పాటల నాటకాలు ఆడే నేషనల్ ఒపేరాలో పిల్లల బృందంలో పాడేవాడు. అక్కడ వేదిక మీద పాడుతూ, కింద ఆర్కెస్ట్రాని నడిపిస్తున్న మనిషిని చూసి, ఇదే నా పని అనుకున్నాడట. పన్నెండు నుంచి లెక్కేసుకోండి, ఓస్లో వచ్చేనాటికే పన్నెండేళ్ళ అనుభవం. కాబట్టి కుర్రాడు అనే మాట వయసుకే వర్తిస్తుంది, పనికి కాదు.

మిగతా కథ గబగబా చెప్పేస్తాను, టైం చూసుకోవాలి మరి. 2021లో పారిస్ ఆర్కెస్ట్రా. 2027 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో కాన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రా, అదే ఏడాది నుంచి అమెరికాలో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా. ఒకటి 1888లో పుట్టింది, ఇంకొకటి 1891లో. రెండూ ఆ రంగంలో కొండశిఖరాలే, రెండూ ఒక్కడికే. ఇది ఎక్కువైపోయిందని, విమానాల్లోనే బతుకు గడిచిపోతుందని పెదవి విరిచే విమర్శకులు ఉన్నారు. నాకూ కాస్త అలాగే అనిపిస్తుంది. ఒక ఆర్కెస్ట్రాతో ఏళ్ళ తరబడి కూర్చుంటేనే కదా ఒకరి ఊపిరి ఒకరికి తెలిసేది. ఇతను మాత్రం చిన్నప్పుడు నేర్చుకున్న సెల్లో ఇప్పటికీ వదల్లేదు, తన వాయిద్యగాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళతో కలిసి వాయిస్తాడు. అది నాకు నచ్చింది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న సంగతి. కోవిడ్ రోజుల్లో కచేరీలు లేక హాళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు, ఓస్లో వాళ్ళు ఫిన్లాండ్ స్వరకర్త సిబేలియస్ రాసిన ఏడు సింఫనీలూ, అంటే ఆర్కెస్ట్రా కోసం కట్టిన పెద్ద కృతులు, మ్యాకెలా నడిపిస్తుండగా రికార్డు చేశారు. డెక్కా అనే రికార్డుల కంపెనీ 2022లో విడుదల చేసింది. ఫిన్లాండ్‌కి సిబేలియస్ అంటే ఇంటి పెద్ద లాంటివాడు. 1915 ఏప్రిల్‌లో ఒకనాడు తలెత్తి చూస్తే పదహారు హంసలు, తల మీద చుట్టూ తిరిగి ఎండలో కలిసిపోయాయి. జీవితంలోని గొప్ప అనుభవాల్లో ఇదొకటని డైరీలో రాసుకున్నాడు. అప్పటికే రాస్తున్న ఐదో సింఫనీ చివరి భాగంలో హార్న్‌లు అనే ఇత్తడి బూరలు ఊయల ఊగినట్టు వాయించే స్వరాలున్నాయే, అవి ఆ హంసలే. ఆ ఏడాది డిసెంబరులో తన యాభయ్యో పుట్టినరోజున ఆ సింఫనీని తనే నడిపించాడు. తృప్తి లేదు. మళ్ళీ రాశాడు, మళ్ళీ రాశాడు, 1919కి గానీ కలం కింద పెట్టలేదు.

దాని ముగింపు చూడండి. హంసల స్వరం పెరిగి పెరిగి హాలంతా నిండిపోతుంది, ఇక ఒక్క ఊపులో ముగుస్తుందని మనం కాచుకుని ఉంటాం. అప్పుడు ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారి మోగి ఆగిపోతుంది. నిశ్శబ్దం. ఇంకో మోత. నిశ్శబ్దం. మళ్ళీ. ఇలా ఆరు మోతలు, మధ్యలో ఐదు ఖాళీలు. అంతే, అయిపోయింది.

రేడియోలో పనిచేసేవాళ్ళకి నిశ్శబ్దం అంటే ఎంత టెన్షనో మీకు తెలీదు. నేనిక్కడ నాలుగు సెకన్లు ఆగితే డ్యూటీ ఆఫీసర్ పరిగెత్తుకొస్తారు, మీరేమో సెట్టు పాడైందని తట్టి చూస్తారు. కండక్టర్‌కి అక్కడ ఐదుసార్లు ఆ పరీక్ష. చెయ్యి కాస్త సడలిందో, హాల్లో ఎవరో ఒకరు చప్పట్లు కొట్టేస్తారు. బిగిసిపోయిందో, తర్వాతి మోత అందరి దగ్గరా ఒకేసారి పడదు. ఖాళీలో కూడా లెక్క నడుస్తూనే ఉండాలి, అది అందరికీ కనపడుతూ ఉండాలి. కండక్టర్ చేసే పని ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ చివరి నిమిషాన్నే.

కాబట్టి నా సలహా ఒక్కటే. పాశ్చాత్య సంగీతం మనకి అర్థం కాదు అనుకునేవాళ్ళు మొత్తం సింఫనీ వినక్కర్లేదు. ఈ ఐదో సింఫనీ చివరి భాగం సుమారు తొమ్మిది నిమిషాలు, అది వినండి. మొదట మ్యాకెలాది, తర్వాత ఇంకే కండక్టర్‌దైనా. ఐదు ఖాళీల దగ్గర వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోండి, ఎవరు ఎంతసేపు ఆగారో తేడా మీకే తెలుస్తుంది. ఎక్కడైనా సన్నగా వినిపించింది కదా అని సౌండ్ పెంచకండి, చివర్లో చెవులు గింగురుమంటాయి. ఫోన్‌లో వింటే మాత్రం ఆటోప్లే ఆపెయ్యండి, లేకపోతే ఆరో మోత ఆరకముందే ఏ సబ్బు ప్రకటనో అందుకుంటుంది.

ఉంటాను మరి, నమస్కారం.