పునాదికి ముందు ఒక వానాకాలం

అందరికీ నమస్కారం. కళాశాల కొత్త భవనానికి స్థలం సిద్ధం చేయడం గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. భవనం నమూనా చిత్రాలు ముందే పంపారు. పైకప్పు నిండా సౌర ఫలకాలు, గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే గదులు. చాలా సంతోషం. అయితే ఆ చిత్రాల్లో నేల పలకలా చదునుగా ఉంది. నిన్న వెళ్లి చూసి వచ్చాను. స్థలం తూర్పు మూల పడమటి మూలకన్నా మనిషి ఎత్తు పల్లంలో ఉంది. నడుమ గడ్డి కమ్మేసిన పిల్లకాలువ ఒకటి ఉంది. ఈరోజు నా మాటలన్నీ ఆ కాలువ చుట్టూనే తిరుగుతాయి.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున మిట్ట మీద వెలసిన ఊరు. పక్కన పెద్ద నది లేదు. ఊరికి పడమట పడిన వాన వృషభావతి వెంట అర్కావతిలోకీ, అక్కడినుంచి కావేరిలోకీ పోతుంది. తూర్పున పడినది దక్షిణ పినాకిని దారి పడుతుంది. పోయే నీటిని నిలుపుకోవడానికే పూర్వులు గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేలా రాజకాలువలు తీశారు. 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల జనాన్ని ట్రాక్టర్లలో, పడవల్లో తరలించడం మీలో చాలామంది కళ్లారా చూసి ఉంటారు. వాన తన పాత దారినే వచ్చింది. ఆ దారిలో ఇప్పుడు మన గోడలు ఉన్నాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పనిచేసిన ఒక ప్రాంగణంలో ఇలాంటి కాలువనే మట్టి పోసి పూడ్చాం. సర్వే పటంలో గీత లేదు కాబట్టి కాలువే లేదనుకున్నాం. రెండో ఏటి వానలకు నేలకింది అంతస్తులోని ప్రయోగశాలలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. తడిసిన పరికరాలను పిల్లలు చేతుల మీద మోసుకుపోతుంటే చూశాను. ఆ దృశ్యాన్ని నేటికీ మరచిపోలేదు.

అందుకే అడుగుతున్నాను, ఒక వానాకాలం ఆగండి. ఆలస్యమవుతుందని ధర్మకర్తల మండలి పెద్దలు అంటారని తెలుసు. అనుమతులకూ నక్షాలకూ ఎలాగూ నెలలు పడతాయి. ఆ నెలల్లోనే నీరు ఎక్కడ పుడుతోందో, ఎక్కడ ఆగుతోందో చూద్దాం. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన అనుకున్నా ఎకరానికి 36 లక్షల లీటర్లు. ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో అది చిన్న సంగతి కాదు. కాలువను కాలువగానే ఉంచి, పల్లపు మూలను కుంటగా వదిలి, పైనుంచి వచ్చే నీటికి ఇంకుడు బావులు తవ్వించండి. ఈ ఊళ్లో తరతరాలుగా బావులు తవ్వుతున్న మన్ను వడ్డెరలు ఉన్నారు. వాళ్ల ఇంటి మాట మన తెలుగుకు దగ్గరి చుట్టం. ఇరవై ముప్పై అడుగుల లోతు వాళ్లకు చేతి పని. నేల కింద మెత్తటి పొర ఎక్కడుందో, రాయి ఎక్కడ తగులుతుందో వాళ్లను అడిగి తెలుసుకున్నాకే బావి చోటు నిర్ణయించండి.

ఇక మట్టి. జేసీబీ దిగిన మొదటి రోజే పైమట్టి లారీల్లో వెళ్లిపోతుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. అంగుళం పైమట్టి ఏర్పడటానికి వందల ఏళ్లు పడుతుంది. పై అడుగు మట్టిని విడిగా తీసి, మనిషి ఎత్తు మించని కుప్పలుగా పోసి, ఉలవలో జనుమో చల్లండి. వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. భవనం పూర్తయ్యాక తోటకు అదే మట్టి. దాని కింది ఎర్రమట్టితో గోడలే కట్టవచ్చు. ఇదే ఊళ్లోని భారతీయ విజ్ఞాన సంస్థలో శాస్త్రవేత్త అమూల్య రెడ్డి గారు 1974లో ప్రారంభించిన ఆస్ట్రా అనే గ్రామీణ సాంకేతిక కేంద్రం, కొద్దిపాటి సిమెంటు కలిపి ఒత్తిన మట్టి ఇటుకలను అభివృద్ధి చేసింది. బట్టీలో కాల్చే పని లేదు. మట్టిలో బంక ఎక్కువైతే ఇసుక కలపాలి, అంతే.

చెట్ల విషయం ఒక్కటి. కొమ్మల నీడ ఎంతవరకు పడుతుందో అంతవరకూ కంచె వేయించండి, వీలైతే ఇంకా అవతలికి. ఆ గీత లోపల లారీ నిలపకూడదు, కంకర పోయకూడదు. నేల గట్టిపడి వేళ్లకు ఊపిరి ఆడకపోతే చెట్టు ఆ ఏడు చావదు. మూడు నాలుగేళ్లకు ఎండిపోతుంది, అప్పటికి కారణం ఎవరికీ తట్టదు. గేటు పక్కనున్న ఆ రెండు కానుగల కోసమైనా రోడ్డును కాస్త వంచండి.

ఎర్ర రంగు వేసిన యాభై గూటాలు చేయించి కాపలాదారు గదిలో పెట్టించాను. జూన్‌లో మొదటి గట్టి వాన పడగానే విద్యార్థులు వెళ్లి నీటి అంచు వెంట వాటిని పాతాలి. నాకు ఫోను చేయండి, గొడుగు పట్టుకుని నేనూ వస్తాను.