శాస్త్రిగారు, ధాన్యం ధర

సభకు నమస్కారం.

మన కోనసీమ అగ్రహారాల్లో శాస్త్రిగారు అంటే వేదమో తర్కమో చదువుకున్న ఇంటి పెద్ద. అందువల్ల లాల్ బహదూర్ శాస్త్రిగారిని ఆ కోవలోనివారే అనుకునేవారు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ మాట ఆయన ఇంటిపేరు కాదు, కాశీ విద్యాపీఠం 1925లో ఇచ్చిన పట్టా. మన బందరు జాతీయ కళాశాల వలె బ్రిటిషు సర్కారుతో సంబంధం లేకుండా జాతీయోద్యమంలో వెలసినదే ఆ విద్యాపీఠం కూడా. 1904 అక్టోబరు 2న మొగల్‌సరాయిలో పుట్టి, రెండేళ్ళు నిండకుండానే తండ్రిని పోగొట్టుకుని, తల్లి రామ్‌దులారీదేవి పుట్టింట పెరిగిన ఆయన, కులాన్ని చెప్పే శ్రీవాస్తవ అన్న మాటను చిన్నతనంలోనే వదిలేశారు. గాంధీగారి పిలుపుతో బడి మానేసి ఉద్యమంలో దిగినది మొదలు స్వరాజ్యం వచ్చేలోగా ఆయన జైళ్ళలో గడిపిన కాలమంతా కలిపితే తొమ్మిదేళ్ళ దాకా ఉంటుంది.

ఆయన నిరాడంబరతను గురించి చెప్పేటప్పుడు చిరిగిన చొక్కాల దగ్గరే ఆగిపోవడం మనకు అలవాటైంది. అసలైన అణకువ ఆయన నిర్ణయాల్లో ఉందని నా అభిప్రాయం. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోతే రైల్వేమంత్రిగా ఆయన రాజీనామా ఇచ్చారు, నెహ్రూగారు వద్దన్నారు. నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర మరో రైలు ప్రమాదం జరిగాక మాత్రం ఆయన ఆగలేదు, పదవి వదిలేశారు.

1964 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి దేశం అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూస్తూ ఉంది. మరుసటి ఏడు వానలు ముఖం చాటేయడంతో ఆహారధాన్యాల దిగుబడి దాదాపు 8 కోట్ల 90 లక్షల టన్నుల నుంచి 7 కోట్ల 20 లక్షలకు పడిపోయింది. సోమవారం రాత్రి భోజనం మానమని ఆయన దేశాన్ని కోరిన సంగతి, జై జవాన్ జై కిసాన్ నినాదం మన పెద్దలందరికీ గుర్తే. వరి పండించే మనం అంతకన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది 1965 జనవరి. పంటకు ఎంత ధర ఇవ్వాలో సూచించే వ్యవసాయ ధరల సంఘం, ప్రభుత్వం తరఫున ధాన్యం కొనే భారత ఆహార సంస్థ రెండూ ఆ నెలలోనే మొదలయ్యాయి. రైతుకు ధర పెంచితే పట్నవాసుల తిండి ఖర్చు పెరుగుతుందని ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి అభ్యంతరపెట్టినా, గిట్టుబాటు కాని పంటను ఎవరూ ఎక్కువగా పండించరన్న వ్యవసాయమంత్రి సి. సుబ్రహ్మణ్యం వాదన వైపే ప్రధాని నిలిచారు. తనకన్నా ఆ విషయం బాగా తెలిసినవారిని నమ్మి, వారికి అండగా ఉండటం ఆయన పద్ధతి.

ఈ మాట మన డెల్టాకు ఎందుకంటే, కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ నీటికి భరోసా ఉన్న నేల ఇది. ఆ భరోసాను చూసే 1960లో దిగుబడి పెంచడానికి తెచ్చిన ప్యాకేజీ పథకానికి దేశంలో తొలుత ఎంపిక చేసిన ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరిని చేర్చారు. ఎరువు, విత్తనం, అప్పు వచ్చాయి గాని, కళ్ళంలో ధాన్యానికి ఇంత ధర అన్న హామీ లేదు. ఆ లోటును పూడ్చే ప్రయత్నం శాస్త్రిగారి హయాంలో మొదలైంది. ఆ హామీ ఇవాళ తేమ శాతం దగ్గర ఎంత తరిగిపోతోందో, కౌలురైతు చేతికి ఎంత అందుతోందో ఇక్కడ కూర్చున్న మీకు నేను చెప్పనక్కరలేదు.

పాకిస్తాన్‌తో యుద్ధం ముగిశాక తాష్కెంటులో ఒప్పందంపై సంతకం చేసి, కొన్ని గంటలకే, 1966 జనవరి 11న ఆయన కన్నుమూశారు. మన ఊళ్ళలో సార్వా మాసూళ్ళు ముగించుకుని సంక్రాంతికి సిద్ధమవుతున్న రోజులవి. కారు కోసం బ్యాంకులో తీసుకున్న 5,000 రూపాయల అప్పు ఇంకా తీరలేదు. దానిని ఆయన భార్య లలితాదేవిగారు తన పింఛనులోంచి తీర్చారు. మరుసటి ఏడాది మన పశ్చిమ గోదావరి ఆచంటలో రైతు నెక్కంటి సుబ్బారావుగారు ఐ.ఆర్.8 అనే అధిక దిగుబడి వరి వంగడం వేశారు.