వాచీ చెప్పే అంకెల్లో ఏది కొలత, ఏది అంచనా?

[దృశ్యం: గుంటూరు కొత్తపేట. వరసగా ఆసుపత్రుల బోర్డులు, మందుల దుకాణాలు. ఆపైన ఒక మణికట్టు, స్మార్ట్ వాచీ.]

కొత్తపేటలో ఏ డాక్టరు గది ముందు కూర్చున్నా ఇదే వరస. రిపోర్టుల కవరుతో పాటు ఫోను కూడా బయటికి వస్తోంది. "రాత్రి గుండె 110 సార్లు కొట్టుకుందండీ, వాచీలో చూశాను." వాచీ మాట నమ్మాలా వద్దా అంటే, ఏ అంకె గురించి అడుగుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

[దృశ్యం: వాచీ వెనకవైపు, దగ్గరగా. ఆకుపచ్చ దీపం మిణుకుమంటోంది.]

రక్తం ఆకుపచ్చ వెలుతురును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోకి కాస్త ఎక్కువ రక్తం వస్తుంది, వెనక్కి వచ్చే వెలుతురు ఆ మేరకు తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను లెక్కపెడితే అదే నాడి. కదలకుండా కూర్చున్నవారికి ఈ లెక్క బాగానే కుదురుతుంది. అదే వాచీ మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసే చేతికి ఉంటే కుదుపు, చెమట, వదులు పట్టీ కలిసి దాన్ని తికమక పెడతాయి. పట్టీ మణికట్టు ఎముకకు కొంచెం పైన, జారకుండా ఉండాలి.

కరోనా రోజుల్లో ఇంటింటికీ వచ్చిన ఆక్సీమీటరుదీ వెలుతురు లెక్కే. దాని వెనక ఉన్న సూత్రాన్ని 1970లలో జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి కనిపెట్టారు. ఆక్సిజన్ ఉన్న రక్తం, తగ్గిన రక్తం ఎరుపు, పరారుణ కిరణాలను వేర్వేరుగా పీల్చుకుంటాయి. అయితే చర్మం రంగు కూడా మధ్యలో దూరుతుంది. ఆక్సిజన్ పడిపోయినా ఆక్సీమీటరు బాగానే ఉందని చూపించడం తెల్లవారికంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికాలో తేలింది. మన చామనఛాయ చేతులకూ ఇది పట్టించుకోవలసిన సంగతే. ముదురు గోళ్ల రంగు, కోనుల్లో వచ్చే నల్ల మెహందీ కూడా అంకెను తారుమారు చేయవచ్చు. ఆషాఢంలో అయితే గుర్తుపెట్టుకోండి.

[దృశ్యం: వంటింటి బల్ల దగ్గర పెద్దావిడ, జబ్బకు బీపీ పట్టీ.]

బీపీ విషయంలో నా మాట సూటిగానే ఉంటుంది. వాచీ డబ్బుతో జబ్బకు కట్టే మిషను కొనుక్కోండి. మణికట్టు మీద వెలుతురుతో బీపీ చెప్పే వాచీలది అంచనా మాత్రమే. వాటిలో చాలావాటిని అసలు మిషనుతో మళ్లీ మళ్లీ సరిచూడాలి. వీపు ఆనించి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చేయి గుండె ఎత్తులో పెట్టి చూసుకోండి. వారం రోజుల అంకెలు ఒక కాగితం మీద రాసి ఇస్తే డాక్టరుకు వంద స్క్రీన్‌షాట్ల కన్నా అదే ఉపయోగం.

సూది గుచ్చకుండా షుగర్ చెబుతామనే వాచీలు, ఉంగరాల జోలికి వెళ్లవద్దు. అలాంటి వాటిని వేటినీ ఆమోదించలేదని, వాడవద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

జబ్బకు అతికించే సెన్సర్ వేరు. దాని సన్నటి తీగ చర్మం కిందికి దిగుతుంది. రక్తంలో కాక, కణాల మధ్య ఉండే ద్రవంలో గ్లూకోజు కొలుస్తుంది. అందుకే రక్తంలో మార్పు అందులో కొన్ని నిమిషాలు ఆలస్యంగా కనిపిస్తుంది. ఖర్చు తక్కువేమీ కాదు. అయినా నాలుగు ఇడ్లీలు తిన్నాక ఫోనులో గీత ఎలా లేచిందో, భోజనం తర్వాత నడిస్తే ఎలా దిగిందో కళ్లారా చూసినవారికి పథ్యం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

[దృశ్యం: వాచీ అంచు మీద రెండో చేతి వేలు. తెర మీద ఈసీజీ గీత.]

కొన్ని వాచీలు ఈసీజీ కూడా తీస్తాయి. ఆసుపత్రి ఈసీజీ గుండెను 12 కోణాల్లో చూస్తే, వాచీ ఒకే కోణంలో చూస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పడాన్ని పసిగట్టగలదు, గుండెపోటును పట్టలేదు. ఛాతీ బరువెక్కి, చేయి లాగుతూ, చెమటలు పడుతుంటే వాచీలో ఏముందో చూస్తూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోను చేయండి.