పాత ఫోన్‌కు పది వేల ‘వరకు’: కొత్త ఫోన్ కొనేముందు కాగితం మీద రాయించుకోవలసిన లెక్క

నమస్కారం. పండుగ రోజుల్లో అనంతపురం సుభాష్ రోడ్డు వెంట వెళ్తే మొబైల్ దుకాణాల ముందు పెద్ద అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. పాత ఫోన్‌కు పది వేల రూపాయల వరకు ఎక్స్ఛేంజ్, వడ్డీ లేని ఆరు కంతులు, పైగా ఏదో ఒక బహుమతి. ఈ బోర్డుల్లో పచ్చి అబద్ధం తక్కువే. చిక్కంతా ‘వరకు’ అనే చిన్న మాటలో ఉంది.

పోయిన దసరాకు కళ్యాణదుర్గం నుంచి వచ్చిన మా చిన్నాన్నను వెంటబెట్టుకుని అలాంటి ఒక దుకాణానికి వెళ్లాను. ఆయనకు నచ్చిన ఫోన్ ధర 27,000 రూపాయలు. ఆయన నాలుగేళ్లుగా వాడుతున్న ఫోన్‌ను కౌంటర్ దగ్గరి అబ్బాయి ముందుకూ వెనక్కీ తిప్పి చూసి, తెర మూలనున్న సన్నని గీతను గోటితో తడిమి, యాప్‌లో నాలుగు ప్రశ్నలకు జవాబులు నొక్కి, మూడు వేలు వస్తుందన్నాడు. బోర్డు మీది పది వేలు కంపెనీ బోనస్‌తో కలిపి, అదీ ఒకే ఒక ఖరీదైన మోడల్ కొన్నవారికేనని అప్పుడు తెలిసింది. మిగిలిన 24,000 రూపాయలను క్రెడిట్ కార్డు మీద నెలకు నాలుగు వేల చొప్పున ఆరు నెలల్లో కట్టవచ్చని కూడా చెప్పాడు.

“నెలకు నాలుగు వేలే కదప్పా, భారమేముంది?” అన్నాడు చిన్నాన్న.

నేను ఒక తెల్ల కాగితం అడిగి, మా చేతి నుంచి పోయే ప్రతి రూపాయినీ దాని మీద రాయమన్నాను. ఆ అబ్బాయి కొంచెం తటపటాయించినా రాశాడు. ఫోన్‌కు 24,000. మేము అడగని రక్షణ ప్లాన్‌కు 1,499. కవరు, గాజు పొరకు 600. బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము 199, దాని మీద జీఎస్టీతో కలిపి 235. కంతుల్లోని వడ్డీ మీద జీఎస్టీ సుమారు 195. అన్నీ కూడితే 26,529 రూపాయలు. ఒకేసారి కట్టేస్తే ఎంత తగ్గిస్తారని అడిగితే 1,500 తగ్గిస్తామన్నాడు. అంటే రక్షణ ప్లాను, కవరు వద్దనుకుంటే 22,500తో తేలిపోయే వస్తువుకు మేము 4,029 రూపాయలు ఎక్కువ ఇవ్వబోయాము.

వడ్డీ లేదన్నప్పుడు వడ్డీ మీద పన్ను ఎక్కడిదని మీరు అడగవచ్చు. బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. సంవత్సరానికి 16 శాతం లెక్కన ఈ ఆరు కంతుల్లో అది దాదాపు 1,080 రూపాయలు. ఆ మొత్తాన్ని అమ్మేవారు ధరలో తగ్గింపుగా చూపి సరిచేస్తారు గాని, ఆ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ మాత్రం మన ఖాతాలోకే వస్తుంది. అసలు సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఒకేసారి కడితే వచ్చే తగ్గింపును వదులుకోవడం కూడా వడ్డీ కట్టినట్టేనని నా అభిప్రాయం.

కార్డు లేనివారికి ఫైనాన్స్ సంస్థ ద్వారా అప్పు ఇప్పిస్తారు. అక్కడ మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ‘ఆఫర్ చూడడానికే’ అంటూ అడిగే ఓటీపీ అప్పుకు మీరు ఇచ్చే అంగీకారం కావచ్చు. కాబట్టి వచ్చిన మెసేజ్‌ను మీరే చదవండి, ఫోన్‌ను వాళ్ల చేతికి ఇవ్వవద్దు. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులకు రుసుములన్నీ కలిపిన వార్షిక రేటుతో ముఖ్య వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. దానిని అడిగి తీసుకోండి.

పెట్టె మీది ఎమ్మార్పీని కొట్టేసి చూపే తగ్గింపును నేను లెక్కలోకే తీసుకోను. అదే మోడల్‌ను ఆ రోజు మరో రెండు చోట్ల ఎంతకు అమ్ముతున్నారో అదే దాని ధర. పాత ఫోన్ అప్పగించే ముందు గూగుల్ ఖాతా తొలగించి, అందులోని సమాచారమంతా చెరిపేయాలి. ఒప్పుకున్న మొత్తానికి, బిల్లుకు తేడా వచ్చి దుకాణదారు సరిచేయకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు ఫిర్యాదు రుసుము లేదు. ఆ రెండు చోట్లా మీకు పనికొచ్చేవి ఆ తెల్ల కాగితం, జీఎస్టీ బిల్లు, బోర్డు ఫోటో.

చిన్నాన్న ఆ రోజు 22,500 డెబిట్ కార్డుతో కట్టేశాడు. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కి, తెర మీదికొచ్చిన 15 అంకెల ఐఎంఈఐ నంబరును, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరును, పెట్టె మీది నంబరుతో, బిల్లుతో ఒక్కొక్క అంకె చదివి పోల్చుకున్నాకే కుర్చీ లోంచి లేచాడు.