అందరూ కుదిరిన రోజే ఆడదామంటే క్యాంపెయిన్ సాగదు

నమస్తే అండీ. ఈ వీడియో ఒక్క ప్రశ్నకి జవాబు. గాజువాక నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మేం ఐదుగురం ఫ్రెండ్స్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదలుపెట్టాం. నేనే డీఎం. మొదటి మూడు సెషన్లు అదిరిపోయాయి. ఆ తర్వాత రెండు నెలలైంది, ఒక్కసారి కూడా కూర్చోలేదు. నా కథలో దమ్ము లేదంటావా?" అని.

కథ సంగతి తర్వాత. మిగతా నలుగురూ ఏం చేస్తుంటారో కూడా రాశాడు. ఒకడికి స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు. ఒకమ్మాయిది పరవాడ వైపు ఫార్మా ఉద్యోగం, ఆదివారం సెలవుందో లేదో శనివారం రాత్రికి గానీ తేలదు. ఇంకొకడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. మరొకడికి మొన్ననే పెళ్లైంది. ఇందులో డ్రాగన్ తప్పేముంది చెప్పండి?

ఆట తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఒకరు కథ నడిపిస్తారు, ఆ మనిషే డీఎం, అంటే డంజన్ మాస్టర్. మిగతావాళ్లు తలో పాత్ర తీసుకుంటారు, ఒకరు దొంగ, ఒకరు మంత్రగత్తె, ఒకరు కత్తి వీరుడు. "ఎదురుగా గుహ ఉంది, లోపల్నుంచి ఎవరో దగ్గుతున్నారు, ఏం చేస్తారు?" అని డీఎం అడుగుతాడు. వాళ్లకి తోచింది చెబుతారు. జరుగుతుందో లేదో అనుమానంగా ఉన్నచోట ఇరవై ముఖాల డైస్ వేస్తారు. ఇలా వారాల తరబడి, నెలల తరబడి సాగే ఒకే కథ క్యాంపెయిన్.

ఇప్పుడు అసలు విషయం. మనలో చాలామంది ఈ ఆటని ముందు యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నాం. అక్కడ ప్రతి వారం అవే ముఖాలు, అదే టేబుల్, ఒక్కరు కూడా డుమ్మా కొట్టరు. కొట్టరు మరి, అది వాళ్ల ఉద్యోగం! అది చూసి మనం కూడా ఐదుగురు హీరోల కథ రాసుకుంటాం. ఒకడు రాకపోతే వాడి శపథం ఆగిపోతుంది, వాడి శపథంతో పాటు కథా ఆగిపోతుంది. "వాడు వచ్చాకే ఆడదాం రా" అంటాం. వాడు వచ్చే వారానికి ఇంకొకడు ఉండడు.

ఆట పుట్టినప్పుడు పద్ధతి ఇది కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వేసిన మొదటి రూల్స్ తీసి చూడండి. ఒక క్యాంపెయిన్‌లో నలుగురి నుంచి యాభై మంది దాకా ఆడొచ్చని ఉంటుంది. ఒక్కో రిఫరీకి, అంటే మన డీఎంకి, ఇరవై మంది చొప్పున చూసుకోమని కూడా ఉంటుంది. యాభై మందీ ఒకే రాత్రి ఒకే టేబుల్ చుట్టూ కూర్చోరు కదా. ఆ రోజు ఎవరు వస్తే వాళ్లు గుహలోకి దిగేవాళ్లు. లోకం ఒకటే, గుంపు మాత్రం రోజుకొకటి.

అందుకే నా సలహా ఇది. కిరాణా కొట్టు తెరిచినట్టు తెరవండి ఆటని. టైముకి షట్టర్ లేస్తుంది, వచ్చినవాళ్లకి బేరం. దానికి ఒక్కటే షరతు: ప్రతి సెషన్ ఊళ్లో మొదలై ఊళ్లోనే ముగియాలి. గుహ మధ్యలో, కత్తి ఎత్తిన చోట "మిగతాది వచ్చే వారం" అనకూడదు. అంటే ఆ నలుగురే మళ్లీ రావాలి, మళ్లీ మొదటికొస్తాం. ఆట ముగియడానికి ముప్పావుగంట ముందు నేను "పొద్దు వాలుతోంది" అంటాను. మా టేబుల్ దగ్గర దానర్థం అందరికీ తెలుసు, చేతికి దొరికింది పట్టుకుని వెనక్కి తిరగాలి. "ఇంకొక్క గది చూద్దాం" అని ఆశపడితే ఆ ప్రమాదం వాళ్లదే. నిజం చెప్పాలంటే, మా సెషన్లలో ఎక్కువ టెన్షన్ ఆ ముప్పావుగంటలోనే ఉంటుంది.

రానివాళ్ల పాత్రలు ఏమైనట్టు? ఊళ్లో ఉన్నట్టు. పడవకి తారు పూస్తున్నాడు, చెల్లెలి పెళ్లికి వెళ్లింది, అంతే. లెవెల్ మాత్రం అందరికీ కలిపే పెంచండి. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాణ్ని, ఎక్కువసార్లు రాలేదని రెండో లెవెల్లో కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

ఇంకో సంగతి, ఎక్కడికి వెళ్లాలో ఆటగాళ్లే రెండు మూడు రోజుల ముందు గ్రూపులో చెప్పాలి. "ఈసారి ఎర్రదిబ్బల్లోకి పోదాం" అన్నారనుకోండి, నేను ఆ ఒక్క చోటే తయారు చేసుకుంటా. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదకొండింటికి రాజవంశ చరిత్రలు రాసే ఓపిక ఎవరికుంది?

ఊరు, ఊరు అంటున్నా. ఏ ఊరు? విశాఖలో పుట్టి పెరిగినవాడు మంచు కురిసే కోట చుట్టూ కథ ఎందుకు అల్లాలో నాకెప్పటికీ అర్థం కాదు. పాతపోస్టాఫీసు వైపు వెళ్లి నిలబడండి. సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని చాటున హార్బర్‌లోకి వెళ్లే కాలువ. ఇటువైపు మూడు చిన్న కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. ఇంతకంటే మంచి రేవు పట్నం ఏ పుస్తకంలో ఉంది? పేర్లు మార్చేస్తే సరి. కాకపోతే నిజం గుళ్లనీ, నిజం దేవుళ్లనీ ఆటలోకి లాగకండి. లోకం మీదే కాబట్టి దేవుళ్లని కూడా మీరే కల్పించుకోండి. ఈ మాట మొదటి రోజే, పాత్రలు తయారు చేసుకునేటప్పుడే, అందరూ కలిసి అనుకోవాలి. ఇంకా ఏ విషయాలు వద్దు, ఎంత రక్తపాతం పర్లేదు, అన్నీ ఆ రోజే. మన ఆటలు జరిగేది హాల్లో, పక్క గదిలో అమ్మమ్మ వింటూ ఉంటుంది, అది కూడా గుర్తుంచుకోండి.

ఇక ఊరికి వెన్నెముక లాంటిది ఒకటి కావాలి. నేను గోస్తని నదిని తీసుకున్నా. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి ప్రవహించి, తాటిపూడి రిజర్వాయర్ మీదుగా వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. డీఎం కళ్లతో ఒకసారి చూడండి. పైన సున్నపురాతి గుహలు, కింద సముద్రం, రెండిటికీ మధ్య ఒకే నీటిదారి. పైన ఏం జరిగినా దాని జాడ కింద రేవుకి కొట్టుకొస్తుంది. మా ఆటలో ఆ నది పేరు మసకేరు. దారి పొడుగునా చోట్లన్నీ ఇక్కడివే. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసే ఉంటారు, వాన నీటికి కోసుకుపోయిన గెడ్డల్లో రెండు మలుపులు తిరిగితే వచ్చిన దారేదో తెలియదు. తొట్లకొండ మీద బౌద్ధ విహారం శిథిలాలున్నాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లు, ఎదురుగా సముద్రం. అసలు నేవీ వాళ్లు బేస్ కోసం సర్వే చేస్తుంటేనే అది బయటపడింది. 2020 అక్టోబర్‌లో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి తుఫాను గాలికి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకొచ్చి రాళ్ల మీద ఇరుక్కుంది కదా, అందరం వెళ్లి సెల్ఫీలు దిగాం. అది కూడా పెట్టేశా. మా ఆటలో దాని అడుగు అరల్లో ఎవరో ఉంటున్నారు.

టావెర్న్, అంటే తాగి తిని పడుకునే సత్రం, పెట్టలేదు. పూటకూళ్లమ్మ ఇల్లు పెట్టా. ఊరికి ఎవరొచ్చినా ఆవిడ దగ్గరే భోంచెయ్యాలి, కబుర్లన్నీ ఆవిడ దగ్గరే దొరుకుతాయి. ఆవిడ మాట మన ఉత్తరాంధ్ర మాటే. "ఏటి బావూ, సీకటడిపోనాక ఎటెల్తన్నారు? రెండు ముద్దలు తినీసి ఎల్లండి" అంటుంది. నేను మొదటిసారి ఆ గొంతుతో మాట్లాడినప్పుడు అందరూ నవ్వారు. తర్వాత ఆవిడకి జ్వరం వచ్చిందంటే ఒక్కరూ నవ్వలేదు. మందు వేర్ల కోసం కొండెక్కారు.

కథ ఎలా ఎత్తుకోవాలో ఒక ఉదాహరణ చెబుతా. మావాళ్లు ఈ భాగం దాటేశారు కాబట్టి ఫర్వాలేదు. మసకేట్లో ఒక పంజరం కొట్టుకొచ్చింది. చెక్క పంజరం, తలుపుకి లక్క ముద్ర, ముద్ర పగిలింది, లోపల ఖాళీ. అంతే చెప్పి ఊరుకున్నా. టేబుల్ చుట్టూ ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ముగ్గురు ఒకేసారి, "ఒరేయ్, చిలక!" అన్నారు. ఇంక నేను చెప్పడానికేముంది? మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుందని తెలియని తెలుగువాడు ఎవడు? వేరే లోకం కథ అయితే ఈ ఒక్క విషయం ఎక్కించడానికి ఒక సెషన్ పట్టేది.

ఆ చిలక ఎక్కడుందో తెలుసా? పూటకూళ్లమ్మ ఇంట్లో. మొదటి సెషన్ నుంచీ అక్కడే ఉంది. జాంకాయ తింటూ, వచ్చినవాళ్లని పేరుపెట్టి పిలుస్తూ. మావాళ్లే దానికి మాటలు నేర్పారు. విషయం తెలిశాక ఒకడు "మెడ విరిచేద్దాం" అన్నాడు, ఒకమ్మాయి "చెయ్యి వేస్తే నీ మెడ విరుస్తా" అంది. గంటసేపు అదే గొడవ, డైస్ ముట్టుకోలేదు. ఆఖరికి ఆ అమ్మాయే, చిలకని అడ్డం పెట్టుకుని మాంత్రికుడితో బేరం ఆడతానంది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. బేరం కష్టమైనదే కానీ అసాధ్యం కాదు, అందుకని గెలవడానికి రావాల్సిన అంకె పదిహేను పెట్టా. ఆ అమ్మాయి పాత్రకి మాటకారితనం సున్నా, డైస్ అంకెకి కలిసేదేమీ లేదు. అంటే డైస్ మీద పదిహేను గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి, నూటికి ముప్పై వంతులే అవకాశం. అయితే వాడి ప్రాణం ఆమె చేతిలో ఉంది, అది చిన్న విషయం కాదు. కాబట్టి అడ్వాంటేజ్ ఇచ్చా, అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం. దాంతో ముప్పై కాస్తా యాభై ఒకటి అయింది. తొమ్మిది పడింది, పదహారు పడింది. అరుపులకి కింది ఫ్లోర్ వాళ్లు పైకొచ్చారు.

మంచి ఆలోచన చెప్పినప్పుడు అవకాశం పెంచడం డీఎం చేతిలో ఉందని చెప్పడానికే ఇదంతా. "అబ్బ, నీ క్యారెక్టర్‌కి అది రాదు కదా" అని కాగితం చూపించి కొట్టిపారేయకండి. ఓడిపోతే కథ ముందుకి కదలని చోట మాత్రం డైస్ వెయ్యనే వద్దు. తాళం తియ్యలేకపోతే సాయంత్రమంతా తలుపు ముందు కూర్చోవాలా? తాళం వస్తుంది, కాకపోతే చప్పుడవుతుంది. అలా ఏదో ఒకటి కదలాలి.

సెషన్ రద్దయినా కథ కదలాలి, ఇది నాకు అన్నిటికంటే పనికొచ్చిన చిట్కా. ఒక కాగితం మీద మాంత్రికుడి పేరు రాసి ఆరు గళ్లు గీయండి. ఒక్కో గడిలో వాడు ఏం చేస్తాడో రాయండి. నది ఎండుతుంది, చేపలు చస్తాయి, రేవులో పిల్లలకి ఒకే కల వస్తుంది, అలాగ. ఆ వారం ఎవరూ ఎగువకి వెళ్లకపోతే ఒక గడి కొట్టేసి, జరిగింది రెండు వాక్యాల్లో గ్రూపులో పెట్టండి. "మసకేరు మోకాలి లోతుకి దిగింది. పూటకూళ్లమ్మ చేపల పులుసు మానేసింది." దెబ్బకి "ఒరేయ్, ఈ ఆదివారం ఎలాగైనా కూర్చుందాం" అని మెసేజ్‌లు మొదలవుతాయి. మీరు బతిమాలక్కర్లేదు.

డబ్బు గురించి కూడా అడిగాడు తమ్ముడు. పుస్తకాలు కొనక్కర్లేదు. ఐదో ఎడిషన్ మూల నియమాలని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా విడుదల చేశారు, ఎస్ఆర్‌డీ 5.1 అని వెతకండి. డైస్ ఒక సెట్టుంటే చాలు, ఏడు వస్తాయి. అదీ లేకపోతే ఫోన్లో ఉచిత యాప్‌లు ఉన్నాయి. పాత్రలకి గుర్తుగా టేబుల్ మీద పెట్టే మినియేచర్ల కోసం విదేశీ బొమ్మల వైపు చూడకండి, ఏటికొప్పాక బొమ్మలు ఉన్నాయి. అంకుడు కర్ర మీద లక్క రంగులు, 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. రాజూ రాణీ ఉన్నారు, ఎడ్లబండి ఉంది. మా టేబుల్ మీద అన్నిటికంటే భయంకరమైన రాక్షసి ఒక ఎర్ర బొంగరం. తిప్పి వదులుతా, ఆగిన చోట ఎవరుంటే వాళ్ల మీదే దాడి. ఒక్క జాగ్రత్త, పిడత కింద పప్పు తిన్న చేత్తో వాటిని ముట్టుకోనివ్వకండి. క్యారెక్టర్ షీట్ల మీద నూనె మరకలు ఎలాగూ తప్పవు.

ఇంట్లో పెద్దవాళ్లు "జూదమా?" అని అడుగుతారు. ఒక సెషన్ పక్కన కూర్చోబెట్టండి, వాళ్లకే తెలుస్తుంది. మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు పేపర్ చదువుకుంటూనే "ఆ వంతెన దాటకండర్రా, అవతల ఎవడో ఉన్నాడు" అని సలహా ఇస్తుంటారు.

తమ్ముడు చివర్లో, "ఈ ఆదివారం ఇద్దరే వస్తామన్నారు, మానెయ్యనా?" అని రాశాడు. మానెయ్యకు. ఊళ్లోంచి ఒక పడవవాణ్ని వాళ్లకి తోడుగా పంపు. దెబ్బలు తట్టుకునేవాడై ఉండాలి, సలహాలు మాత్రం ఇవ్వకూడదు. శత్రువుల సంఖ్య సగం చెయ్యి. వాళ్లిద్దరూ ఎగువ నుంచి ఏదో ఒకటి తెచ్చేలా చూడు, ఒక మ్యాపు ముక్కైనా సరే. ఆ ముక్క ఫోటో తీసి రాత్రికే గ్రూపులో పెట్టు. రానివాళ్లు ఏమంటారో నాకు మెసేజ్ చెయ్యి.