బీటలిచ్చిన పాత చర్చి: కూల్చాలా, నిలబెట్టాలా?

యాంకర్: లైన్లో ఉన్నారు, అడగండి.

కాలర్: వందనాలమ్మా. మాది ఇటుకా సున్నంతో కట్టిన పాత చర్చి. పక్క గోడ బీటలిచ్చి బయటికి ఒరిగింది. సంఘంలో సగం మంది కూల్చి కొత్తది కడదామంటున్నారు, మిగతావాళ్లు ససేమిరా అంటున్నారు.

నిపుణురాలు: వందనాలండీ. బీట ఇంకా పెరుగుతోందో లేదో కొలిచారా?

కాలర్: లేదమ్మా. సిమెంటుతో పూడ్చాం. మళ్లీ విచ్చుకుంది.

నిపుణురాలు: ముందు అది తేలాలి. బీటకు అటూ ఇటూ స్టీలు మేకులు దించి, మధ్య దూరం వెర్నియర్ కాలిపర్‌తో, అంటే మిల్లీమీటరులో భాగాలు కూడా కొలిచే పనిముట్టుతో, నెలనెలా కొలిచి తేదీ వేసి రాసుకోండి. ఎండకూ వానకూ గోడ సాగి ముడుచుకుంటుంది కాబట్టి ఏడాది చూడాలి. కిందటి వేసవి కొలతే ఈ వేసవికీ వస్తే బీట ఆగినట్టే. అయితే ఒరుగు ఉందన్నారు కదా, ఆలోగా స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించి ఆసరాలు పెట్టించండి. ఆ గోడ పక్కన ఎవరినీ కూర్చోనివ్వకండి.

కాలర్: అసలెందుకు ఒరిగినట్టు?

నిపుణురాలు: పైకప్పు ఎలా ఉంది? కర్ర దూలాలేనా?

కాలర్: అవునమ్మా. చూరు కాలువ పూడిపోయి ఉంది.

నిపుణురాలు: చాలావరకు అక్కడే ఉంటుందండీ జబ్బు. నీళ్లు గోడ తలమీద నిలిచి, గోడలోకి దూరిన అడ్డదూలం కొన కుళ్లుతుంది. ఆ పట్టు పోతే పైనున్న వాలు దూలాలు కాళ్లు చాపి గోడను బయటికి నెడతాయి. స్క్రూడ్రైవర్‌తో కొనలు పొడిపించి చూడండి, మెత్తగా దిగితే కుళ్లిందన్నమాటే. దూలం మొత్తం మార్చక్కర్లేదు. చెడినంత మేర కోసి, అదే జాతి కర్రను ఏటవాలు అతుకుతో బోల్టులేసి కలపొచ్చు.

సిమెంటు మాత్రం జాగ్రత్తగా తీయించేయండి. అది తేమను లోపలే బంధిస్తుంది. ఉప్పు పేరుకుని ఇటుక ముఖం పొరలుగా రాలిపోతుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల శుభ్రమైన ఇసుక కలిపి వాడండి. తడి గోనెలు కప్పి మెల్లగా గట్టిపడనివ్వాలి. ఎండలో తొందరపడితే పొడిపొడి అయిపోతుంది.

కాలర్: జనం పెరిగారు, చోటు చాలట్లేదనేవాళ్లకు ఏం చెప్పమంటారు?

నిపుణురాలు: వాళ్ల మాటా న్యాయమే. కానీ చోటు చాలకపోవడం వేరు, గోడ చెడడం వేరు. రెండూ కలిపి ఓటుకు పెట్టకండి. ఇంగ్లండులో కవెంట్రీ కథీడ్రల్ అనే పెద్ద చర్చి 1940 బాంబుదాడిలో కాలిపోతే, మిగిలిన గోడలనూ శిఖరాన్నీ ఉంచి పక్కనే కొత్తది కట్టి 1962లో ప్రతిష్ఠించారు. పునాది కుంగుతూనే ఉండి, ఆపే దారి లేకపోతే కూల్చమనే చెబుతాను. అప్పుడైనా ముందు కొలతలు, ఫొటోలు తీయించి, గంటనూ కిటికీలనూ శిలాఫలకాలనూ నంబర్లు వేసి భద్రపరచండి.

కాలర్: ముందు కాలువ బాగుచేయిస్తామమ్మా.

నిపుణురాలు: వానలు పడేలోపే చేయించండి.